ముగ్గుపిండితో గీసిన దారి

మా అమ్మ ఏడ్చినప్పుడు కళ్లు చేత్తో తుడుచుకునేది కాదు. తల పక్కకు వంచి భుజం మీది జాకెట్టు గుడ్డకు కన్ను ఆనించేది. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లంతా అంతే. ఎంత తోమినా, మజ్జిగలో ముంచినా ఆ మంట వేళ్లను వదలదు. పసిపిల్లల తల్లులు ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోరు. మరీ గుక్కపెట్టి ఏడుస్తుంటే మోచేతుల మీదికి తీసుకుంటారు. నాన్న పోయాక అమ్మ నన్నూ చెల్లెల్నీ ఆ మోచేతుల మీదే పెంచింది.

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, పత్తి, మిరప తప్ప వేరే ఊసు లేని ఊరు. పేటలో మేమంతా క్రైస్తవులం. చర్చి వెనక వరసలో మా ఇల్లు. పేట నుంచి తొడిమలు తీసే మిరప కొట్లకు వెళ్లాలంటే రైలు కట్ట వెంట నడవాలి. అప్పటికింకా మా వైపు బొగ్గు ఇంజను లాగే చిన్న రైలే. కట్ట పక్కన ఒకప్పుడు కాలిబాట ఉండేదట. నాకు ఊహ తెలిసేటప్పటికే సర్కారు తుమ్మ దాన్ని మింగేసింది. ముళ్లలో ఎవరు నడుస్తారు? జనం పట్టాల మీదే నడిచేవాళ్లు.

మా చెల్లెలు అలా నడుస్తూనే పోయింది. అమ్మకు అన్నం క్యారేజీ తీసుకెళ్తోంది. నేను టీచరు ట్రైనింగుకని గుంటూరులో హాస్టల్లో ఉన్నాను. వెనక రైలు కూత వేసిందట, పిల్ల పక్కకు దూకబోయిందట, తుమ్మకంప చూసి ఒక్క క్షణం ఆగిందట. కొట్లోంచి పరిగెత్తుకొచ్చిన అమ్మ పిల్లను ముట్టుకోకుండా దూరంగా నిలబడి, "నా చేతులు కడగండే, ముందు నా చేతులు కడగండి, దానికి మంట పుడద్ది" అని అందరినీ బతిమాలిందట. ఈ మాట నాకు ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నేను ట్రైనింగు ముగించి పేట స్కూల్లోనే పంతులమ్మగా చేరిన ఏడు, మా చిన్న లైను పక్కనే పెద్ద లైను పడుతుందని కబురు వచ్చింది. కట్ట అవతల కొత్త బస్టాండు కూడా కడతారన్నారు. ఊరంతా సంబరపడింది. మా పేటలో మాత్రం ఒక్కటే గుబులు: కట్ట పక్కన మిగిలిన ఆ కాస్త జాగా కూడా పోతే కొట్లకు ఎటు నడవాలి? పాస్టరు గారు ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టారు. అడగనిదే అమ్మైనా పెట్టదు, మనకేం కావాలో మనమే చెబుదామన్నారు. బ్రాహ్మల వీధి నుంచి మా స్కూలు లెక్కల మాస్టారు కూడా వచ్చారు. ఆయన కూతురు ఆ కట్ట వెంటే కాలేజీకి నడిచేది.

మొదటి మీటింగులో మగవాళ్లే మాట్లాడారు. ఆ జాగాలో సిమెంటు బెంచీలన్నారు, చుట్టూ గొలుసులన్నారు, మధ్యలో నీళ్లు చిమ్మే ఫౌంటెను అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను వెనక నుంచి గట్టిగానే అన్నాను. పెద్దలు నా వైపు తిరిగి కళ్లెర్రజేశారు. పంతులమ్మ జీతం తినే నోరు, మూతపడలేదు.

అప్పుడు మాస్టారు ఒక పని చేశారు. ఇంటికెళ్లి బుట్టెడు ముగ్గుపిండి తెచ్చి, చర్చి వరండా గచ్చు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రైలు కట్ట గీశారు. పక్కన మురుగు కాలువ, దాని పక్కన కొట్ల గోడలు. "ఇప్పుడు మగాళ్లు కూర్చోండి. రోజూ నడిచేవాళ్లు దీని మీద నడిచి చూపించండమ్మా" అన్నారు.

ఆడవాళ్లు ముందు నవ్వారు. తర్వాత ఒక ముసలామె లేచి, తలమీద మూట ఉన్నట్టే చెయ్యి పైకెత్తి ఆ గీతల మధ్య నడిచింది. కొంచెం దూరం పోయి ఆగి, "ఈడికొచ్చేసరికి మెడ విరిగిపోద్ది. ఇక్కడో రాతి దిమ్మ ఉంటే మూట దించుకుంటాం" అంది. మాస్టారు అక్కడ చిన్న చదరం గీశారు. ఇంకొకామె ఒక పంపు కావాలంది, చేతులు కడుక్కుని ఇంటికి పోతే పిల్లల్ని ఎత్తుకోవచ్చని. అక్కడో సున్నా పడింది. మధ్యాహ్నం ఎండ పడేచోట చెట్లకు చుక్కలు పడ్డాయి. ఫౌంటెను గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చివర్లో అమ్మ లేచింది. ముగ్గు తొక్కకుండా పక్కగా నడిచి, మా చెల్లెలు పడిన చోట నిలబడింది. ఆ చోటు అందరికీ తెలుసు.

"ఈడ చెట్టుండాలి. పట్టాలకీ దారికీ మధ్యన. పిల్లలు పట్టాలెక్కకుండా," అంది. తర్వాత ఇంకేదో చెప్పబోయి, భుజానికి కన్ను ఆనించుకుంది.

మాస్టారు అక్కడ చుక్క పెట్టలేదు. పిండి అమ్మ చేతికే ఇచ్చారు. అమ్మ పెట్టింది.

ఆ ముగ్గును ఎవరూ ఊడవనివ్వలేదు. మరుసటి ఆదివారం ఆరాధనకు జనం దాని అంచున చెప్పులు విడిచి, పక్కనుంచి చుట్టూ తిరిగి లోపలికి వెళ్లారు. లైను పనులు చూసే ఇంజనీరు గారిని పాస్టరు గారు బతిమాలి తీసుకొచ్చినప్పుడు ఆయన కూడా బూట్లు విప్పి ఆ గీతల వెంట నడిచాడు. మంచివాడిలాగే కనిపించాడు. "ఈ జాగా మా మట్టికీ సామానుకీ కావాలండీ. అవతల పక్క కూడా చోటుంది, కాదనను. మీరు చెట్లు వేసుకోండి. వచ్చే తొలకరికి చెట్లు నిలబడి ఉంటే, వాటిని కొట్టించి అక్కడ మట్టి పోయమని నేను రాయను" అన్నాడు. మాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ ఏడు కోతపండక్కి మా చర్చిలో గుమ్మడికాయలకు బదులు మొక్కలు వచ్చాయి. ఎప్పుడూ ధాన్యం, కోళ్లు, కందుల మూటలు పెట్టే బల్ల ముందు వేప మొక్కలు, నిద్రగన్నేరు, కానుగ, ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చిపెట్టారు. మాస్టారు భార్య తులసికోట పక్కన మొలిచిన నేరేడు మొక్కను కుండతో సహా పంపింది. ప్రార్థన చేసి, పాటలు పాడుకుంటూ కట్టకు వెళ్లి, తుమ్మ కొట్టి, ముగ్గులో చుక్కలు పడిన వరసనే నాటాం. చెల్లెలి చోట అమ్మ వేప నాటింది. నా జీవితంలో ఊరంతా ఒక్క మాట మీద ఉండటం చూసింది ఆ ఒక్కరోజే.

ఇక మేకలు. మా పేటలో మనుషుల కన్నా మేకలకు తెలివెక్కువ. కంప నాటితే కంప పక్కకు నెట్టి, చిగుళ్లన్నీ కొరికిపెట్టాయి. సగం మొక్కలు మోళ్లయ్యాయి. అందరూ తల పట్టుకున్నప్పుడు దారి చూపింది అమ్మే.

"పొలాల్లో పత్తి పీకేస్తన్నారు గదా. ఆ కట్టె తెచ్చి చుట్టూ దడి కడదాం. లోపల మన కొట్లలో తొడిమలు, తాలుకాయలు పోద్దాం. ఆ ఘాటుకి ఏ మేక వస్తదో చూస్తా."

మా వైపు దడి అంటే పత్తికట్టే, పొయ్యిలోకీ పత్తికట్టే. కొట్ల దగ్గర తొడిమలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎవరూ వద్దనరు. సాయంత్రం పని దిగాక ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో గంప తొడిమలు నెత్తిన పెట్టుకొచ్చి మొక్కల మొదట్లో పోశారు. మేక వచ్చి మూతి పెట్టి, తుమ్ముకుంటూ పరుగు తీసింది. పేటంతా పడీ పడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. చెల్లెలు పోయాక మొదటిసారి అమ్మ పళ్లు చూశాను. తన వేపకు అమ్మ దడి ఒక వరస కాదు, రెండు వరసలు కట్టింది. తొడిమలు మోకాలెత్తు పోసింది.

ఇన్ని బుర్రలున్నాయి, బీఏలు చదివినవాళ్లున్నాం, పాస్టరు గారున్నారు, మాస్టారున్నారు. పక్కన పోయేది నిప్పు కక్కే ఇంజనని, ఎండిన పత్తికట్టె అగ్గిపుల్ల కన్నా ముందు అంటుకుంటుందని ఒక్కరికీ తట్టలేదు. పొయ్యిలో రోజూ తగలబెట్టే కట్టెనే చెట్టుకు కాపలా పెట్టాం. దడి అంటే అదేనని పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి దాని గురించి మళ్లీ ఆలోచించనే లేదు.

నడివేసవిలో, వడగాలి వీస్తున్న మధ్యాహ్నం, గూడ్సు బండి పోయిన కాసేపటికి అంటుకుంది. స్కూలు సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. ముందు దగ్గు వచ్చింది. ఎవరో పోపులో మిరపకాయలు మాడబెట్టారనుకుని తిట్టుకున్నాను. తర్వాత పేట పేటంతా దగ్గడం మొదలైంది. బయటికి వస్తే కట్ట పొడవునా పొగ. బిందెలతో పరిగెత్తాం. ఊపిరాడితేగా! మేకల్ని రానివ్వని ఘాటు మమ్మల్నీ రానివ్వలేదు. తడిగుడ్డలు మూతికి కట్టుకుని, కళ్లు తెరవలేక, నీళ్లు ఎటు పోస్తున్నామో తెలియక, దూరం నుంచే విసిరాం. దడి నుంచి దడికి మంట మా ముగ్గు గీత వెంటే నడుచుకుంటూ పోయింది.

కొట్ల వైపు నుంచి అమ్మ వచ్చింది. నేరుగా పొగలోకి వెళ్లబోతుంటే నలుగురు ఆడవాళ్లు పట్టుకుని లాగారు. "వదలండే, మళ్లీ అదే చోటే! నేనే పోసా, నేనే కట్టా!" అని అరుస్తోంది. అన్నిటికన్నా ఎక్కువసేపు కాలింది రెండు వరసల దడి కట్టిన ఆ వేపే.

అమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను తినేసింది. "తిట్టరేందే నన్ను?" అని నన్ను అడిగేది. నాకు ఆ ఇంజను మీద కోపం, గాలి మీద కోపం, దేవుడి మీద కోపం. ఆ కోపంతో కొన్నాళ్లు చర్చికి వెళ్లలేదు. అమ్మ మాత్రం వెళ్లింది. వరండాలో ముగ్గు అప్పటికి చాలావరకు చెరిగిపోయింది. దాని మీద అడుగు పడకుండా ఇంకా పక్కనుంచే నడిచేదట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తర్వాత ఇటుకలతో దడులు కడదామన్నారు పెద్దలు. మళ్లీ నాటుదామన్నారు. తొలకరికి ముందే ఎర్రమట్టి లారీలు దిగాయి. అమ్మ పనికి వెళ్తూ వస్తూ బూడిదలో వెతికేది. ఒకరోజు గబగబా ఇంటికొచ్చి, "చిగురేసిందే! మొదట్లో నుంచి, ఎర్రగా, ఇంతే ఉంది" అని వేలి కణుపు చూపించింది. వేప మొదలు అంత తేలిగ్గా చావదు గదా. నేనూ పాస్టరు గారూ మాస్టారూ ముగ్గురం సైటు ఆఫీసుకు పరిగెత్తాం. బూట్లు విప్పి మా ముగ్గు మీద నడిచిన ఇంజనీరుకు బదిలీ అయిపోయిందట. కొత్తాయన మా మాటంతా విని, "చెట్లు నిలబడి ఉంటే అన్నారని మీరే చెబుతున్నారు. నిలబడి ఉన్నాయా?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆ చోట మట్టి పోసేశారు.

పెద్ద లైను పడింది. బస్టాండు వచ్చింది. కొట్లకు దారి ఊరంతా చుట్టి రోడ్డు మీదుగా అయింది. చుట్టూ తిరగలేనివాళ్లు ఇప్పుడు రెండు లైన్లు దాటుతున్నారు. ఆ తర్వాత ఇంకెంతమంది ఆడవాళ్లు చేతులు కడగమని అరిచారో చెప్పడం నాకిష్టం లేదు.

కొన్నేళ్ల తర్వాత పట్టాల పైనుంచి నడిచే వంతెన కట్టారు. అప్పటికి అమ్మ కొట్ల పని మానేసింది. దగ్గు మాత్రం మానలేదు. ప్రారంభమైన వారంలో, నేను పట్టుబట్టడంతో, నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. మధ్యకు వచ్చాక ఆగి, కమ్మీ పట్టుకుని కిందకు చూసింది. పై నుంచి అంతా కనిపిస్తోంది. రెండు లైన్లు, కాలువ, కొట్ల గోడలు, అన్నీ మాస్టారు గీసినట్టే ఉన్నాయి. కట్ట పక్కన మట్టి దిబ్బ మీద ఏమీ లేదు. అవసరమని తీసుకున్న ఆ జాగాలో సామానూ లేదు, షెడ్డూ లేదు. తుమ్మ మళ్లీ మొలిచింది.

"ఇంతేనటే?" అంది అమ్మ.

"ఏంటమ్మా?"

"మనం అడిగిన జాగా. పై నుంచి చూస్తే ఇంతేగా. నా చీర పరిస్తే సరిపోద్ది."

తొడిమలు ముట్టుకుని అప్పటికి ఏళ్లయింది. ఆమె చేతులు చల్లగా, మెత్తగా ఉన్నాయి, నా చేతిలోనే ఉన్నాయి. అయినా తల పక్కకు వంచి, కన్ను భుజానికే ఆనించుకుంది.