ఇరవై మూడు నిమిషాల కంప్యూటర్

2017 జూలైలో నన్ను కువైట్‌లో సబ్హాన్ అనే చోట ఉన్న మా కంపెనీ గోదాముకు పంపారు. అప్పటికి నా హోదా సిస్టమ్స్ సూపర్‌వైజర్. పేరు పెద్దదే గాని నా కింద పనిచేసేవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, ముదీర్ గారు తన పాస్‌వర్డ్ మరిచిపోయినా నేనే. ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్ ఈజిప్టు మనిషి. మా కంపెనీ ఏసీల విడిభాగాలు అమ్మేది. కువైట్‌లో జూలైలో ఏసీ ఆగిన ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో మా గోదాము ఆసుపత్రిలో అత్యవసర విభాగంలా నడిచేది.

ఆ ఏడాది డైరీ ఆకుపచ్చ అట్టది. జూలై తొమ్మిది, ఆదివారం, అంటే అక్కడ వారంలో మొదటి పనిరోజు. ఆ పేజీలో ఇలా రాసుకున్నాను: "స్టోరు కంప్యూటర్. స్విచ్ నొక్కింది 6.58. స్టాకు ప్రోగ్రాం తెరుచుకుంది 7.21. మొత్తం 23 నిమిషాలు. 7.02 నుంచి 7.20 వరకు రాజన్న సీట్లో లేడు. బీడీకి? నేను తాగిన టీలు రెండు."

రాజన్న మా స్టోర్‌కీపరు. జగిత్యాల దగ్గరివాడు, వయసు యాభై నాలుగు. పద్నాలుగేళ్ళుగా అదే కౌంటరు, అదే కంప్యూటరు. ముదీర్ నన్ను పిలిచి చెప్పింది క్లుప్తంగా ఉంది. బోర్డు మీద ఏడింటికి తెరుస్తామని రాసి ఉంది, కంప్యూటరు ఏడూ ఇరవైకి గాని లేవడం లేదు, వ్యాన్లు బారులు తీరుతున్నాయి. గురువారంలోగా అది బాగుపడాలి. లేకపోతే కౌంటరు ఖలాస్. సరుకు ఇచ్చే పని హెడ్డాఫీసుకు మారుతుంది, రాజన్న యార్డుకు వెళతాడు. యార్డు అంటే ఆరుబయలు. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. మిగిలిన గంటల్లో ఎండ మాత్రం ఆ నిబంధన చదవదు. రాజన్నకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. యార్డులో ఒక వేసవి కూడా గడపలేడని అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

కొత్త కంప్యూటరు కొనవచ్చు గదా అని పాఠకులు అడగవచ్చు. ఆ స్టాకు ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో మా కంపెనీ కోసమే రాసింది. రాసినవాడు దేశం వదిలి వెళ్ళిపోయాడు. అది నడవాలంటే కంప్యూటరు వెనక, పాత ప్రింటర్ తీగ పెట్టే చోట, అగ్గిపెట్టెంత తాళం ఒకటి గుచ్చి ఉండాలి. కొత్త కంప్యూటర్లకు ఆ చోటే లేదు. అందువల్ల ఉన్నదాన్నే లేపాలి.

"మా ముసలోని గుండె మంచిగనే ఉంది సార్. లేశుడే జర ఆలస్యం," అన్నాడు రాజన్న కంప్యూటరు మీద చెయ్యి వేసి.

పక్కనే వ్యాను డ్రైవరు ఓబులేసు బిల్లుల కోసం నిలబడి ఉన్నాడు. రాయచోటివాడు. "ఆలస్యమా? దీన్ని ఆన్ చేసి నేను జాబ్రియా పోయి సరుకు దించి వచ్చినా, ఇది ఇంగా కండ్లు నులుముకుంటా ఉంటాది అన్నా," అన్నాడు నాతో.

"నువ్వు పొద్దుగాల ఎట్ల లేస్తవో నీ రూమోళ్ళను అడుగుత," అన్నాడు రాజన్న.

పని మొదలుపెట్టాను. కంప్యూటరు ఆన్ చేయగానే మనం అడగకుండానే తమంతట తాము లేచే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వీటిని స్టార్టప్ ప్రోగ్రాములంటారు. కొన్ని అవసరం. చాలావరకు ఎవరో ఏదో ఎక్కించినప్పుడు వెంట వచ్చి, తిరిగి వెళ్ళనివి. ఆ పాత యంత్రాల్లో వాటి జాబితా చూడటానికి రన్ పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టాలి. ఒక పట్టిక వస్తుంది, ప్రతి పేరుకూ ఎదురుగా చిన్న టిక్కు ఉంటుంది. టిక్కు తీసేస్తే మరుసటిసారి ఆ ప్రోగ్రాం లేవదు. తుడిచిపెట్టడం వేరు, టిక్కు తీయడం వేరు. టిక్కు మళ్ళీ పెట్టుకోవచ్చు. నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో తొందరపడి తుడిచిపెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళు తుడిచినవాటిని వెతకడానికే నన్ను పిలిచేవారు.

రాజన్న కంప్యూటర్‌లో అలాంటివి ముప్పయ్యొకటి ఉన్నాయి. అన్నిటినీ డైరీలో ఎక్కించాను. మూడు గడులు గీశాను: పేరు, ఎక్కించింది ఎవరు, ఇప్పుడు ఎవరికి కావాలి.

మూడు ప్రింటర్ల ప్రోగ్రాములు ఉన్నాయి, ప్రింటర్ మాత్రం ఒక్కటే. మిగతా రెండూ తుక్కుకు వెళ్ళి ఏళ్ళయింది; పాపం వాటి ప్రోగ్రాములు రోజూ పొద్దున్నే వాటిని వెతికి, కనబడలేదని చెప్పేవి, రాజన్న ఓకే నొక్కేవాడు. ఫ్యాక్సు లైను పీకేశారు, ఫ్యాక్సు ప్రోగ్రాం ఇంకా కాల్ కోసం కాచుకుని ఉంది. వైరస్‌లు పట్టే ప్రోగ్రాములు రెండున్నాయి. లోపలికి వచ్చే దొంగను వదిలేసి అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ ఏడు నిమిషాలు తినేవి. ఒక పచ్చ చిలుక కూడా ఉంది. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎగిరి గుడ్‌మార్నింగ్ చెప్పి కూర్చునేది. దాన్ని పెట్టినవాడు ఉద్యోగం మాని వెళ్ళిపోయినా చిలుక డ్యూటీ మానలేదు.

నమాజు వేళలు చెప్పే గడియారం ఒకటి దొరికింది. డ్రైవర్లను అడిగితే కావాలన్నారు, ఉంచాను. ఇంకొకటి జగిత్యాల వాతావరణం చూపించేది. ఇంటర్నెట్ దొరికేదాకా రెండు నిమిషాలు గింజుకునేది. ఎక్కించినవారు అనే గడిలో ఏం రాయాలని రాజన్నను అడిగాను.

"నేనే సార్. వాన వడ్డదా లేదా ఎరుకైతదని."

"ఉంచమంటావా?"

కొంచెం ఆలోచించాడు. "తీసెయ్యుండ్రి. వాన వడితె ఇంటిది ఫోన్ జేస్తది. వడకుంటె ఇంకా జల్ది జేస్తది."

పద్ధతి ఇది. సగం టిక్కులు తీసి కంప్యూటరు ఆపి మళ్ళీ లేపాలి, నిమిషాలు రాసుకోవాలి. ఏదైనా పనిచేయకపోతే తీసినవాటిలో సగం వెనక్కి పెట్టాలి. అలా సగంలో సగం చేసుకుంటూ పోతే దోషి దొరుకుతుంది. సోమవారం అలా టిక్కు తీసిన సగంలో ఒక పేరులేని ప్రోగ్రాం కూడా పోయింది. స్టాకు ప్రోగ్రాం వెంటనే "తాళం కనబడలేదు" అని మూసుకుంది. వెనక గుచ్చిన అగ్గిపెట్టె తాళాన్ని గుర్తుపట్టేది ఆ పేరులేనిదే. రాజన్న ముఖం చూసి నేనే ముందు భయపడ్డాను. నాలుగు విడతల్లో దాన్ని పట్టుకుని టిక్కు పెట్టాను, ప్రోగ్రాం తెరుచుకుంది. డైరీలో దాని పక్కన ఎర్ర సిరాతో గీత గీశాను.

బుధవారం సాయంత్రానికి ముప్పయ్యొకటిలో ఇరవై ఏడింటికి టిక్కులు పోయాయి. గురువారం పొద్దున ముదీర్ గారిని పక్కన నిలబెట్టుకుని స్విచ్ నొక్కాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. ముదీర్ నా భుజం తట్టి, కౌంటరు ఉంటుంది, ఇక యల్లా, అంటే కానివ్వండి, ఏడంటే ఏడే అన్నాడు. ఓబులేసు నాకు టీ పోశాడు. రాజన్న రెండు చేతులూ జోడించాడు. నేను ఆ రోజు పేజీలో "ఖలాస్" అని రాసి కింద రెండు గీతలు గీశాను. నా డైరీల్లో రెండు గీతలు అరుదు.

తరువాతి ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగు రోజుల్లో గోదాము నుంచి ఐదు తప్పుడు సరుకులు వెళ్ళాయి. తప్పు సరుకు రిజిస్టరు తెప్పించి చూశాను: జూన్ నెల మొత్తానికి రెండే. ఐదింటిలో ఒకటి జాబ్రియాలో ఒక ఇంటికి వెళ్ళిన కెపాసిటర్. అరచేతిలో పట్టే డబ్బా అది. అన్నీ ఒకేలా ఉంటాయి, మీద అంకె మాత్రం వేరు. అంకె తప్పితే మోటారు మొరాయిస్తుంది. అక్కడ పనిచేసే ఆమె ఓబులేసు ఊరి మనిషి, ఫోన్ అతనికే చేసింది.

"మామా ఫ్రిజ్జు తలుపు తెరిచి దాని ముందర కుర్చీ ఏసుకుని కూర్చునిందంట అన్నా," అని ఓబులేసు వచ్చి చెప్పాడు. మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు. "వంటకు టమేటాలు తీసుకోవల్లన్నా మామాను లెయ్యమని అడగాల్నంట."

నవ్వాం. కాని ముదీర్ నవ్వలేదు. ఆయన లెక్క తిన్నగా ఉంది: యంత్రం ఇప్పుడు బాగుంది, కాబట్టి తప్పు మనిషిది. రాజన్నకు వయసు మీద పడింది, వచ్చే ఆదివారం నుంచి యార్డు. యంత్రం బాగుందని సంతకం పెట్టినవాణ్ణి నేనే. అతన్ని యార్డు నుంచి తప్పించబోయి నేనే గేటు దాకా దిగబెట్టినట్టయింది.

ఏదైనా చెడితే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: బాగున్న రోజుకూ చెడిన రోజుకూ మధ్య ఏం మారింది? జూలై ఇరవయ్యో తేదీ, గురువారం ఉదయం ఆరూ నలభై అయిదుకే వెళ్ళి కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఈసారి గడియారం కంప్యూటరు మీద పెట్టలేదు, రాజన్న మీద పెట్టాను. ఏడుకు మూడు నిమిషాల ముందు స్విచ్ నొక్కాడు. ఏడింటికి ప్రోగ్రాం తెరుచుకుంది, వెంటనే నాలుగు బిల్లులు చేతిలో పడ్డాయి. వేళ్ళు మీటల మీద ఉన్నాయి గాని చూపు వెనక ర్యాకుల మీదే ఉంది. చొక్కా జేబులో సుద్దముక్క కనబడింది.

"ఆ సుద్ద దేనికి?" అన్నాను.

"ర్యాకులు తిరుగనీకి సార్. గిప్పుడు తిరుగుడు బంద్ అయింది, అలవాటు కొద్దీ జేబుల పెట్టుకుంటున్న."

అప్పుడు చెప్పాడు. సాయంత్రం షిఫ్టువాళ్ళు వచ్చిన సరుకును ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించి, ర్యాకు కంబానికి సుద్దతో ఏదో గీకి వెళ్ళిపోతారు. కంప్యూటర్‌లో మాత్రం ఆ సరుకు పాత చోటనే ఉన్నట్టు ఉంటుంది; అది నమ్మి తీస్తే వేరే డబ్బా చేతికొస్తుంది. రాజన్న పొద్దున్నే పన్నెండు వరుసలూ తిరిగి, మారిన చోట్లు అట్టముక్క మీద రాసుకుని వచ్చి, ప్రోగ్రాంలో దిద్దేవాడు. ఇది అతనికి ఎవరూ చెప్పిన పని కాదు. ఏ కాగితంలోనూ లేదు.

"ఎప్పుడు తిరిగేవాడివి?"

"అది లేశెదాంక. గంతసేపు ఖాళీగ కూసుండి ఏం జెయ్యాలె?"

"మరి నాకు ముందే చెప్పవచ్చు గదా."

"మీరు కంప్యూటర్ సంగతి అడిగిన్రు. నా సంగతి అడుగలే గద సార్," అన్నాడు మామూలుగా, బిల్లు చింపుతూ. "మీరు మంచి జేసిన్రు, మల్ల దాన్ని చెడగొట్టుమని ఏ నోటితోటి అడుగుత?"

డైరీ తొమ్మిదో తేదీ పేజీ తీశాను. "7.02 నుంచి 7.20 వరకు రాజన్న సీట్లో లేడు. బీడీకి?" నిమిషాలతో సహా నేనే రాసుకున్నాను. రాజన్నకు బీడీ అలవాటే లేదని ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం డైరీ, రిజిస్టరు, ఆ అట్టముక్కల్లో మిగిలినవి ఆరు పట్టుకుని ముదీర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపికగా విని, అయితే దాన్ని మళ్ళీ నెమ్మది చేయమంటావా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. కంప్యూటరు మూడు నిమిషాల్లో లేస్తుంది, స్టోరు లేవడానికి మాత్రం ఇరవై కావాలి. ఇన్నాళ్ళూ మొదటిది ఆలస్యం కాబట్టి రెండోదానికి వేళ దొరికింది, ఆ వేళను నేనే తీసేశాను, తప్పు నా ఖాతాలో రాయండి అన్నాను. ఆయన అట్టముక్కలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తెలుగు అంకెలు కావు గనుక చదవగలిగాడు. తరువాత, రెండు వారాలు చూస్తాను, ఆ పైన ఒక్క తప్పు ఎక్కువైనా యార్డే అన్నాడు. బోర్డు మీద ఏడు చెరిపి ఏడూ ఇరవై రాయించాడు.

బోర్డు ఒక్కటే చాలదని నాకు అనిపించింది. ముందు నిలబడ్డ డ్రైవర్లు బోర్డులు చదవరు. అందుకని శనివారం వెళ్ళి నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసల చిన్న ప్రోగ్రాం రాసి స్టార్టప్‌లో పెట్టాను. కంప్యూటరు లేవగానే స్టాకు ప్రోగ్రాం కంటే ముందు నల్లటి కిటికీ ఒకటి వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వాక్యం: "ర్యాకులు చూసి వచ్చాక ఏదో ఒక మీట నొక్కండి." మీట నొక్కేదాకా తెర అలాగే ఉంటుంది. ఎవరైనా తొందరపెడితే రాజన్న దాన్ని చూపించేవాడు. ఇరవై ఏడు తీసినవాణ్ణి ఒకటి ఎక్కించాను.

"ఇరవై మూడు నిమిషాలది ఇరవై అయ్యింది. దీనికేనా అన్నా ఇన్ని రోజులు పట్టింది?" అన్నాడు ఓబులేసు టీ కప్పు పట్టుకుని.

"గా మూడు నిమిషాలు నీకే ఇచ్చినం, తీస్కపో," అన్నాడు రాజన్న ర్యాకుల నడుమ నుంచి.

రెండు వారాల్లో తప్పు సరుకు ఒక్కటి వెళ్ళింది, అదీ హెడ్డాఫీసు పంపిన బిల్లులోనే తప్పు. ముదీర్ యార్డు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఉద్యోగం విరమించేనాటికి రాజన్న ఆ కౌంటర్‌లోనే ఉన్నాడు, నల్ల కిటికీ రోజూ లేస్తూనే ఉంది.

ఆ తరువాత ఏ ఆఫీసులో స్టార్టప్ జాబితా ముందు కూర్చున్నా నా డైరీలో నాలుగు గడులు గీసేవాణ్ణి. మొదటి మూడూ పాతవే. నాలుగోది: ఇది లేచేలోగా ఇక్కడి మనిషి ఏం చేస్తున్నాడు? ఆ గడి నిండకుండా ఒక్క టిక్కు కూడా తీయలేదు.