రెండు సిరప్పు మూతలు

కర్ఫ్యూ అక్కకి పిల్లలంటే పడదు. ఈ మాట ఆవిడే చెబుతుంది, అదీ పిల్లల తల్లుల మొహం మీదే. ఇరవై రెండేళ్లుగా విమానాల్లో ట్రాలీ తోస్తున్న మనిషి. ఆ పేరు తోటి ఎయిర్ హోస్టెస్‌లు పెట్టారు. ఏ వరసలో పిల్లలు గోల చేస్తున్నా, ఆవిడ వెళ్లి నడుం మీద చేయి వేసుకుని నిలబడితే చాలు, నోళ్లు టక్కున మూతపడతాయి.

అసలు ఆవిడ మంటంతా కన్నవాళ్ల మీద. పదకొండు గంటల ప్రయాణానికి సంచీ నిండా బొమ్మలు తెస్తారు, విమానం కదలకముందే అన్నీ చేతికిచ్చేసి చేతులు దులుపుకుంటారు. ట్యాబ్ తెస్తారు, చార్జింగ్ పెట్టడం మర్చిపోతారు. ఇక పిల్ల రాగం తీస్తే, వాళ్లకేదో ఆవిడ బాకీ పడ్డట్టు బెల్లు నొక్కుతారు. "బొమ్మ ఇస్తే పది నిమిషాలు, పని చెబితే గంట" అన్నది అక్క సిద్ధాంతం. కాగితం కప్పులు ఇరవై తెచ్చి పిల్ల ముందు పడేసి, "ఇవి కలిసిపోయాయి. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టు. నాకు టైం లేదు" అని వెళ్లిపోతుంది. నవ్వదు, బుగ్గ గిల్లదు. నవ్వదు కాబట్టే అది నిజం పనే అని పిల్లలు నమ్ముతారు. మరో పిల్లకి ట్రే మీద టేపు ముక్కలు అంటించి, "ఇవన్నీ పీకు, గోరు విరిగితే నన్నడక్కు" అంటుంది. ఇలా నోటి దురుసుతో ఆవిడ ఎంతమందిని ఊరుకోబెట్టిందో లెక్కలేదు.

ఆ నోరే ఆవిడకి ముప్పు కూడా. అప్పటికే రెండు ఫిర్యాదులు వచ్చాయి. మూడోది వస్తే విమానం ఎక్కనివ్వం, కింద కౌంటర్లో కూర్చోబెడతామని మేనేజరు ఈ సంగతి జరిగిన రోజు ఉదయమే చెప్పాడు. వేరే వాళ్లయితే హాయిగా ఉంటుందనుకునేవాళ్లేమో. అక్క ఉండేది తమ్ముడింట్లో. అక్కడ సోఫా తమ్ముడిది, వంటగది మరదలిది, హాల్లో కుర్చీలు మేనల్లుళ్లవి. లోకంలో ఆవిడ కూర్చుంటే ఎవరూ లెమ్మననిది ఒక్కటే సీటు. విమానం వెనక తలుపు పక్కన, మడత పెట్టే సీటు, పక్కన అరచేయంత అద్దం. దిగే ముందు ఇరవై నిమిషాలు బెల్టు పెట్టుకుని అందులో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ ఇరవై నిమిషాల కోసమే ఆవిడ మిగతా గంటలన్నీ భరించేది.

ఆ రోజు ఇరవై ఏడో వరసలో ఒక అత్తా, ఒక కోడలూ, మధ్యలో రెండున్నరేళ్ల పిల్ల. అత్త కిటికీ వైపు, కోడలు నడవా వైపు. ఇద్దరికీ మాటల్లేవు. ఉన్న నాలుగు మాటలూ పిల్ల మీదుగా నడుస్తున్నాయి.

"బుజ్జీ, మీ నానమ్మని ఆ సంచీ కొంచెం జరపమను."

"సంచీ నా కాళ్ల మీదేం లేదని మీ అమ్మకి చెప్పమ్మా."

పిల్ల పాపం అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చెప్పి చెప్పి అలిసిపోయి ఏడుపు ఎత్తుకుంది. అక్క కప్పులు తెచ్చి పడేసింది. "ఇవి సర్దు. వీళ్లిద్దరి పని నీకెందుకు?" అంది. కోడలు కస్సున చూసింది, అత్త మూతి తిప్పుకుంది. పిల్ల మాత్రం కళ్లు తుడుచుకుని పనిలో పడింది.

భోజనాలయ్యాక అక్క చెత్త సంచీ పట్టుకుని వచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది. చేతిలో కప్పు అలాగే ఉంది. ముందు వరసాయన "అమ్మయ్య, బతికించావమ్మా" అని అక్కకే దణ్ణం పెట్టాడు. అక్కకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. పని మధ్యలో వదిలి నిద్రపోయే పిల్లల్ని చూసింది గానీ, వాళ్లు ముందు తూగుతారు, కప్పు జారవిడుస్తారు, ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటారు. ఇది అలా లేదు. కాసేపటికి విమానం ఒక్క కుదుపు కుదిపింది. చుట్టూ ఉన్న పసివాళ్లంతా కెవ్వుమన్నారు. ఈ పిల్ల తల పక్కకి వాలి చేతి పట్టెకి కొట్టుకుంది, కనురెప్పైనా కదల్లేదు.

అక్క వంగి నుదురు ముట్టుకుంది. కాలుతోంది. మొహం ఎర్రగా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఇది మామూలు నిద్ర కాదు, ఏదో మందు పడిందని అనుమానం వచ్చి వెంటనే వెనక్కి పోయి ఆ చెత్త సంచీ విప్పి చూసింది. ఇందాక ఆ వరసలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు వేసిన చెత్త పైనే ఉంది. అందులో సిరప్పు పోసే మూతలు రెండు. ఒకటి తెల్లది, ఒకటి నీలంది. రెంటికీ అడుగున ఎర్రటి జిగురు ఇంకా ఆరలేదు.

రెండూ అరచేతిలో పెట్టుకుని వచ్చి నిలబడింది. "పిల్లకి మందు ఎవరు పట్టారు?"

"నేనే," అంది కోడలు. "జలుబు మందు. కాస్త నిద్ర పడుతుందని. ఆవిడ బాత్రూంకి వెళ్లినప్పుడు ఒక్క మూత పట్టాను. తప్పా?"

"ఒకటి మీది. మరి ఈ రెండోది?"

అత్త కిటికీ వైపు తిరిగింది. "పిల్ల ఏడిస్తే నా పెంపకమే అంటుంది కదా ఈ కోడలు అని, అది చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు నేనూ ఒక మూత పట్టాను. దానికేం తెలుసు పిల్లల సంగతి," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. విమానం ఎక్కాక అదే మొదటిసారి.

అక్కకి ఒళ్లు మండిపోయింది. మూడో ఫిర్యాదు గుర్తుంది. మేనేజరు మొహం కూడా గుర్తుంది. అయినా నోరు ఆగలేదు. "మీ ఇద్దరికీ మాటల్లేకపోతే పసిదాన్ని చంపుకుంటారా? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా, నేను పట్టానని ఒక్క మాట చెబితే? మీకు కావలసింది పిల్లా, కబుర్లు మోసే మనిషా?" అని అరిచింది. ఆరు వరసలకి వినబడింది. ఎవడో ఫోన్ ఎత్తి వీడియో తీశాడు.

కెప్టెన్ కింద ఉన్న డాక్టరుతో రేడియోలో మాట్లాడాడు. ఊపిరి లెక్కపెడుతూ ఉండండి, ఆక్సిజన్ పక్కనే పెట్టుకోండి, పది నిమిషాలకోసారి లేపి చూడండి, ఎంత లేపినా ఉలుకూ పలుకూ లేకపోతే వెంటనే దగ్గరున్న చోట దించేయండి అన్నాడాయన. అక్క నడవాలో నేల మీద బాసింపట్టు వేసుకుని పిల్లని ఒళ్లో వేసుకుంది. తడిబట్టతో మొహం తుడవడం, అరికాళ్లు రుద్దడం, చెవి దగ్గర చప్పట్లు కొట్టడం. "లే, పని సగంలో వదిలేశావు. పెద్ద కప్పులేవి? లేచి చూపించు!" మొదట పిల్ల మూలిగింది. రెండో గంటలో కళ్లు తెరిచింది. మూడో గంటకి గుక్క పట్టి ఏడిచింది.

"పడుకున్న పిల్లని లేపి ఏడిపిస్తోంది, ఈవిడకేమైనా పిచ్చా?" అని ఎక్కడో వెనక వరసల నుంచి ఒకావిడ అంది. ఇందాక దణ్ణం పెట్టినాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు. అక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. జరిగిన రచ్చ చాలు, ఇక మందు సంగతి ఎవరికీ చెప్పొద్దని కోడలు చేతులు పట్టుకుని బతిమాలింది మరి. ఆ రోజు దిగేటప్పుడు మడత సీటు ఖాళీగా ఉంది. పిల్ల పక్కన వేరే సీటులో, పిల్ల వేలు పట్టుకుని కూర్చుంది అక్క. కింద అంబులెన్సు వాళ్లు చూసి గండం గడిచిందన్నారు.

పదో రోజు ఫిర్యాదు వచ్చింది. నలుగురిలో మమ్మల్ని హంతకులన్నట్టు మాట్లాడింది, వీడియో ఉంది అని రాశారు. కింద రెండు సంతకాలు, అత్తది, కోడలిది, పక్కపక్కనే. బహుశా ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

"పిల్లని కాపాడావు, కెప్టెన్ రాశాడు, కాదనను," అన్నాడు మేనేజరు. "కానీ ఆ మాటలు అన్నావా లేదా?"

"అన్నాను."

"తప్పయిందని ఒక్క లైను రాసివ్వు. నీ సీటు నీకుంటుంది."

అక్క పెన్ను తీసుకుంది. ఆ అరచేయంత అద్దం కళ్లముందు మెదిలి ఏడుపొచ్చింది కూడా. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది.

ఇప్పుడు ఆవిడ కింద కౌంటర్లో ఉంటుంది. పొద్దున్నించీ నిలబడి సంచీలకి చీటీలు కట్టడమే పని. చంటిపిల్లతో ఎవరొచ్చినా, అడగాల్సినవన్నీ అడిగి, చివర్లో అడగక్కర్లేనిది ఒకటి అడుగుతుంది.

"పిల్లకి మందేమైనా పట్టారా? ఎవరు పట్టారు?" అంటుంది. ఒకరి జవాబు విని ఊరుకోదు. పక్కనున్న రెండో మనిషి వైపు తిరుగుతుంది. "మీరు?"