పలకరింపులు బంద్

వెంకటరావమ్మకు ఉన్న జబ్బు ఒక్కటే. ఊళ్లో ఇంకెవరికి జబ్బు చేసినా పలకరించకుండా ఉండలేదు.

జలుబైనా సరే, జెర్రి కుట్టినా సరే, ఆవిడకు తేడా లేదు. కబురు చెవిన పడటం ఆలస్యం, కూర పొయ్యి మీదే వదిలేసి, సంచిలో మూడు బత్తాయిలు వేసుకుని బయల్దేరేది. సత్తెనపల్లికి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో రోగి ఇంటికి డాక్టరు కంటే ముందు, ఒక్కోసారి రోగం కంటే కూడా ముందు ఆవిడే చేరేది. "మొహం పీక్కుపోయింది, రేపటికి జ్వరం తగిలేట్టుంది" అని నిక్షేపంగా ఉన్న మనుషుల్ని కూడా పలకరించి వచ్చేది. మర్నాడు వాళ్లకు నిజంగానే జ్వరం తగిలేది. అది బెంగ వల్లో, మరి దేని వల్లో ఎవరూ తేల్చలేదు.

మంచం పట్టె మీద కూర్చున్నాక ప్రశ్నలు మొదలయ్యేవి. "ఎప్పట్నుంచీ? అన్నం సయిస్తోందా? విరేచనం సాఫీగా అవుతోందా? గేదెను ఎవరు పితుకుతున్నారు? చేలో నీళ్లు ఎవరు కడుతున్నారు?" రోగికి ఓపికున్నా లేకపోయినా అన్నిటికీ జవాబు చెప్పి తీరాలి. అప్పుడు ఆవిడ ధైర్యం చెప్పేది. అసలు ప్రమాదం అక్కడే ఉండేది.

"మా మేనమామకీ అచ్చం ఇలాగే వచ్చింది."

"తగ్గిందా పిన్నీ?"

"లేదు, పోయాడు. నీకు తగ్గుద్దిలే."

ఆవిడ భర్త బుల్లయ్య తక్కువ మాటల మనిషి. "మీ అత్తయ్యకి మేనమామలు ఇద్దరేనమ్మా" అని ఒకసారి కోడలితో అన్నాడు. "కథల్లో మాత్రం ఇప్పటికి పదిహేనుమంది పోయారు. వాళ్లంతా మా పెళ్లికి వచ్చుంటే భోజనాలు చాలేవి కావు."

కోడలు జయకుమారి ఆ ఊరి ఆశా కార్యకర్త. కాపురానికి వచ్చి మూడేళ్లయింది. పాపం ఆ పిల్ల పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మాత్రలు పంచి, "ఏం ఫర్వాలేదు, రెండ్రోజుల్లో లేచి తిరుగుతారు" అని చెప్పి వచ్చేది. కోడలు ఇచ్చి వచ్చిన ధైర్యాన్ని సాయంత్రానికల్లా అత్తగారు వెళ్లి వెనక్కి తెచ్చేసేది.

అలాంటి ఊరికి 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. ముందు టీవీలోకి వచ్చింది. పూణేలో అన్నారు, హైదరాబాద్‌లో అన్నారు, చూస్తుండగానే గుంటూరులో అన్నారు. తుమ్మినవాడి పక్కన ఎవరూ కూర్చోవద్దన్నారు. మిరపకాయలు పండించే ఊళ్లో తుమ్మని మనిషిని ఎక్కడ వెతికి తేవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పరీక్షలు చేసే జీపు వచ్చి సరిగ్గా సుభానీ కారం మిల్లు ముందు ఆగింది. లోపల మిల్లు ఆడుతోంది. వీధి వీధంతా తుమ్ముతోంది. జీపులోంచి దిగిన కుర్ర ఆఫీసరు హడలిపోయి, "ఈ వీధిలో అందరికీ ఉన్నట్టుంది" అన్నాడు.

"జబ్బు కాదు సార్, కారం" అన్నాడు సుభానీ.

"అలా తేలిగ్గా తీసుకోబట్టే కదయ్యా..." అని ఆఫీసరు మొదలుపెట్టాడు కానీ మాట పూర్తి చేయలేకపోయాడు. ఆగకుండా తుమ్మి తుమ్మి, కళ్లు తుడుచుకుంటూ జీపెక్కాడు. వెంకటరావమ్మ జీపు దాకా వెళ్లి, "ఎప్పట్నుంచి బాబూ?" అని పలకరించి మరీ పంపింది.

ఆ నవ్వులు డిసెంబరు దాకా సాగాయి. డిసెంబరులో ఊరి లారీ డ్రైవరు కలీం మిరపకాయల లోడుతో లారీ తోలుకుని పూణే వెళ్లి, జ్వరంతో తిరిగొచ్చాడు. గుంటూరు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే స్వైన్ ఫ్లూ అని తేలింది. మాత్రలిచ్చారు. వారం పాటు కలీం, అతని భార్య రిహానా ఇల్లు కదలకూడదన్నారు, ఎవరూ ఆ గడప తొక్కకూడదన్నారు. ఊళ్లో మరో ఇద్దరు దగ్గడం మొదలెట్టేసరికి బడి మూసేశారు. టీకొట్టు ముందు బల్లలు తీసేశారు. జయకుమారి ఆటోలో మైకు పెట్టుకుని వీధి వీధికీ చెప్పింది.

"ఎవరిళ్లలో వాళ్లుండండి. గుంపులుగా చేరొద్దు. జబ్బు చేసిన వాళ్లను పలకరించడానికి ఎవరూ వెళ్లొద్దు. పలకరింపులు బంద్."

చివరి మాటకి వీధిలో ఉన్న ప్రతి తలా వెంకటరావమ్మ ఇంటివైపు తిరిగింది.

"నన్నే అన్నావు కదూ" అంది వెంకటరావమ్మ, కోడలు ఇంటికి రాగానే.

"ఊరందర్నీ అన్నానత్తయ్యా."

"ఊళ్లో ఇంకెవరు పలకరిస్తారే? మైకు పెట్టి మరీ అత్తగారిని తిట్టిన కోడలివి నువ్వొక్కదానివే."

తర్వాతి రోజులు ఇంట్లో వాళ్లకు గడవలేదు. ఆవిడ పాలివ్వని గేదెను పలకరించింది. రెక్క వాల్చిన కోడిని పలకరించింది. ఇంటి ముందు బస్సాగితే, దగ్గుతున్న కండక్టర్ని కిటికీలోంచి పలకరించింది. చూడలేక బుల్లయ్య, "కాస్త తలనొప్పిగా ఉందే" అన్నాడు. ఆ సాయంత్రమంతా మేనమామలు ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉన్నారు. నిజంగానే తలనొప్పి వచ్చి ఆయన ముసుగుతన్ని పడుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం చూస్తే ఇంట్లో అత్తగారు లేదు, బత్తాయిల సంచీ లేదు. జయకుమారి చెప్పులు కూడా వేసుకోకుండా కలీం వీధికి పరిగెత్తింది. వెంకటరావమ్మ కలీం ఇంటి ఎదురుగా, మురుగుకాలవకు ఇవతల నిలబడి ఉంది.

"అత్తయ్యా, కాలవ దాటారంటే నా పని పోతుంది."

"దాటనే. నోటికి కాలవలేంటి?" అని గొంతెత్తింది ఆవిడ. "ఒరే కలీమూ, అన్నం సయిస్తోందా?"

"సయిస్తోంది పిన్నీ" అని లోపలి నుంచి నీరసంగా వినిపించింది.

"విరేచనం సాఫీగా అవుతోందా?"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. "అవుతోంది పిన్నీ, కాస్త మెల్లగా అడుగు" అన్నాడు కలీం.

"కళ్లంలో కాయలు ఎవరు చూస్తున్నారు?"

కిటికీ దగ్గర రిహానా కనిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. కళ్లు మాత్రం బాగా ఏడ్చినట్టున్నాయి.

"ఎవరూ లేరు పిన్నిగారూ. మొదటి కోతంతా కళ్లంలోనే ఎండబోశాం. పట్టాలు కూడా అక్కడే ఉన్నాయి. కప్పమని అడిగితే ఎవరూ రామంటున్నారు. మా కాయలకీ జబ్బుంటుందట."

జయకుమారి తలెత్తి చూసింది. తూర్పున సముద్రం వైపు నుంచి మబ్బు నల్లగా లేస్తోంది. పొద్దున టీవీలో వాయుగుండం అన్నారు. ఎండిన కాయ తడిస్తే తాలయిపోతుంది, రంగు పోయిన కాయను ఎవరూ కొనరు. కలీం లారీ తోలి, రిహానా వంగిన నడుం ఎత్తకుండా నీళ్లు కట్టి, మందు కొట్టి పండించిన ఏడాది కష్టం అక్కడ ఆకాశం కింద పరిచి ఉంది.

"నేను పోతున్నా" అంది వెంకటరావమ్మ.

"అత్తయ్యా, బంద్ అని ఊరంతా చెప్పింది నేనే."

"మనుషుల్ని పలకరించొద్దన్నావు. మిరపకాయల్ని పలకరించొద్దని మైకులో చెప్పలేదుగా."

జయకుమారి అక్కడికక్కడే సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. డాక్టరమ్మ అంతా విని, "వాళ్లు ఆ కాయలు ముట్టుకుని ఎన్నాళ్లయింది? జ్వరం రాక ముందు నుంచీ ఎండలో ఉన్న కాయల వల్ల ఏమీ కాదు. మొహాలకు గుడ్డలు కట్టుకుని, దూరం దూరంగా ఉండి పని చేసుకోమను. అయ్యాక సబ్బుతో చేతులు కడగమను" అంది. ఫోన్ పెట్టేసి చూసేసరికి అత్తగారు వీధి మధ్యలో ఉంది.

"ఒరే ఆదాం" అని కేక వేసింది. "నీకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు నీ పత్తి ఎవరు తీశారురా?"

అరుగు మీద కూర్చున్న ఆదాం లేచి నిలబడ్డాడు. "కలీం, రిహానా తీశారు పిన్నీ. నువ్వు పంపావుగా."

"సుభానీ, నీకు కాలు విరిగినప్పుడు మిల్లు ఎవరు ఆడించారు?"

"ఆదాం ఆడించాడక్కా" అన్నాడు సుభానీ మిల్లు గుమ్మంలోంచి. అప్పటికే తలపాగా విప్పి మొహానికి కట్టుకుంటున్నాడు.

ఇల్లిల్లూ అలాగే అడుగుతూ పోయింది వెంకటరావమ్మ. నీ గేదెను పితికిందెవరు, నీ నారు నాటిందెవరు, నీ పిల్లలకు అన్నం పెట్టిందెవరు. వెనకే నడుస్తున్న జయకుమారికి అప్పుడు అర్థమైంది. గేదెను ఎవరు పితుకుతున్నారని ఆవిడ అడిగేది ఊసుపోక కాదు. మంచం పట్టిన ఇంట్లో ఏ పని ఆగిపోయిందో కనుక్కుని, ఆ పనిని లేచి తిరిగే ఇంటికి మోసుకెళ్లడం ఇన్నేళ్లుగా ఆవిడ చేస్తున్న ఉద్యోగం. జీతం లేదు, మైకు లేదు. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి తనకే తెలియలేదు. జయకుమారికి అత్తగారి మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

కళ్లంలో ఆ సాయంత్రం జరిగినంత హడావుడి ఏ తిరనాళ్లలోనూ జరగదు. జయకుమారి ఇంటింటికీ పంచినా ఎవరూ కట్టుకోని మాస్కులు ఏమయ్యాయో గానీ, కాయల ఘాటుకు రోజూ కట్టుకునే తువాళ్లు మాత్రం అందరి మొహాలకూ ఎక్కేశాయి. ఒకరికొకరు ఎడంగా నిలబడి కాయలు కుప్పలకు లాగుతున్నారు. గాలికి పట్టా లేచిపోతుంటే సుభానీ దాని మీద బోర్లా పడుకున్నాడు. బుల్లయ్య రాళ్లు మోసుకొస్తున్నాడు. తుమ్ములు జోరుగా సాగుతున్నాయి, ఎవరూ ఎవర్నీ అనుమానించడం లేదు. "దూరం, దూరం" అని జయకుమారి అరుస్తోంది. ఆమె గొంతు మీదుగా అత్తగారి గొంతు వినిపిస్తోంది.

"ఏరా ఆదాం, నడుం పట్టేసిందా? మా మేనమామకీ ఇలాగే..."

"పిన్నీ, దణ్ణం పెడతా, కాయలు కప్పేదాకా ఆయన్ని చంపొద్దు."

చివరి పట్టా మీద చివరి రాయి పెట్టారు. అప్పుడు దబదబా పడింది వాన. జనం తడిసి ముద్దయి కేకలు వేస్తూ ఇళ్లకు పరిగెత్తారు.

వెంకటరావమ్మ మాత్రం ఇంటికి పోలేదు. బుల్లయ్య గొడుగు పట్టగా తిన్నగా కలీం వీధికి నడిచి, కాలవకు ఇవతల తన చోట్లో నిలబడింది. ఆయన్ను తడవనివ్వకూడదని జయకుమారి కూడా మరో గొడుగుతో వెళ్లింది.

"రిహానా, నీ కాయల్ని పలకరించి వచ్చానే. ఒంటి మీద చుక్క తడి లేదు. కులాసాగా ఉన్నాయి."

రిహానా కిటికీ చువ్వలు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మెల్లగా అడిగింది. "పిన్నిగారూ, ఆయనకు తగ్గుతుందా?"

బుల్లయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రావద్దనుకున్న మాట రానే వచ్చింది.

"మా మేనమామకీ అచ్చం ఇలాగే వచ్చిందే అమ్మాయ్" అని మొదలుపెట్టింది వెంకటరావమ్మ. రిహానా మొహంలోకి చూసింది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"వచ్చింది, తగ్గిపోయింది. దుక్కలా లేచి తిరిగాడు. ఇప్పటికీ ఉన్నాడు సింగరాయకొండలో. పూటకు రెండు కంచాలు తింటాడు."

లోపలి నుంచి కలీం నవ్వడం వానలో కూడా వినిపించింది. జయకుమారి ఆశ్చర్యంగా మామగారి చెవి దగ్గరకు వంగింది.

"మామయ్యా, సింగరాయకొండలో మేనమామ ఎవరండీ?"

"ఇప్పుడే పుట్టాడమ్మా" అన్నాడు బుల్లయ్య, గొడుగు భార్య వైపు ఇంకాస్త వంచుతూ. "నూరేళ్లు బతకనీ."