వెనక్కి తిరగని బావ

పోయిన వారం మా ఇంటికి పోస్టులో ఒక పార్సిలు వచ్చింది. పైన ఫిన్లాండు తపాలా బిళ్ళలు, లోపల ఒక బొమ్మల పుస్తకం. అందులోని భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నాలుగు పేజీలు తిప్పగానే నన్ను నేను గుర్తుపట్టాను. నెల్లూరు నుంచి వచ్చిన బస్సు దిగుతూ, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళూ ఇంకో చేత్తో తనకంటే పెద్ద హ్యాండుబ్యాగూ పట్టుకున్న ఆ లావుపాటి ఆడమనిషిని నేనే. ఇన్నేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరును అట్లా గీయవచ్చునా అని కాసేపు ఉడుక్కున్నాను. తర్వాత అద్దంలో చూసుకుని ఊరుకున్నాను. పక్క వీధిలో ఉండే మా అక్క వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ప్రతి పేజీ ఓపిగ్గా తిరగేసింది. ఆమె ఏ బొమ్మ కోసం వెతుకుతోందో నాకు తెలుసు. అది అందులో లేదు. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి, "మంచి పని చేసింది పాప" అన్నది.

పాప అంటే చిన్నపిల్ల కాదు, నలభైకి దగ్గర పడిన మనిషి. నోరు తిరగని ఆమె పేరుకు సముద్రపు ఒడ్డున ఉన్న మా మైపాడు మొత్తం కలిసి పెట్టుకున్న మారుపేరు అది. పోయిన ఏడాది, వానలు వెనకబట్టాక ఫిన్లాండు నుంచి వచ్చి మా మేడమీద గది అద్దెకు తీసుకుంది. వృత్తి ఏమిటని అడిగితే కామిక్సు గీస్తానన్నది. మా వీధివాళ్ళు అది విని, ఆ మాత్రం దానికి ఇంత దూరం రావాలా అని జాలిపడ్డారు. వాళ్ళనేమి అనగలం, కామిక్సు అంటే రాజూ రాక్షసుడూ, ఒకరినొకరు పొడుచుకోవడం అని నేనూ అనుకునేదాన్ని. ఈమె బొమ్మల్లో ఎవరూ ఎవరినీ పొడవరు. ఒక గడిలో ఒక ఆడమనిషి ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతుంటుంది. తర్వాతి గడిలో ఆమె చెయ్యి ఒక్కటే. ఆ తర్వాతి గడిలో కాకి. కథేదమ్మా అంటే, "ఇదే" అనేది. పెన్సిలు ముట్టేది కాదు, రబ్బరు అసలు లేదు. నేరుగా సిరాతోనే గీత. గీత తప్పితే ఎట్లా అని అడిగాను. అది కూడా తన గీతేనట, దాచుకోవడం ఎందుకట. ఎర్రసిరాతో తప్పులు దిద్దీ దిద్దీ చెయ్యి అరిగిపోయిన నాకు ఆ మాట అంత తొందరగా మింగుడు పడలేదు.

వాళ్ళ దేశంలో బస్సు కోసం నిలబడే వాళ్ళు ఒకరికొకరు బారెడు దూరంలో, మాట్లాడకుండా నిలబడతారట. ఒక గడికి ఒక మనిషి చాలు. ఇక్కడికొచ్చాక ఇందుకూరుపేట ఆటో ఒకటి గీద్దామని కూర్చుని, డ్రైవరుకు అటూ ఇటూ వేలాడే కాళ్ళు కూడా లెక్కలోకి తీసుకునేసరికి పేజీ అయిపోయిందని నాకు మొరపెట్టుకుంది. ఆమెతో వాదించడం నాకు సాయంకాలం కాలక్షేపం. మొహాలెందుకు సరిగా గీయవని దెబ్బలాడేదాన్ని. మొహం గీస్తే చదివేవాళ్ళు మొహం చూసి ముందుకు వెళ్ళిపోతారనీ, కథ బొమ్మలో కాదు, బొమ్మకూ బొమ్మకూ మధ్య తెల్లగా వదిలిన సందులో జరుగుతుందనీ ఆమె వాదన. ఆ సందులో పని చెయ్యాల్సింది చదివేవాళ్ళే, అక్కడ తను వేలు పెట్టదట. నేను నవ్వి, మా పిల్లలు పరీక్ష పేపర్లలో అట్లాగే తెల్లగా వదిలితే సున్నాలు వేశానమ్మా అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు కోసమే వాదించేదాన్ని అనుకుంటాను.

ఆ ఏడాదే మా అక్కకు కష్టం. అంతకుముందు వేసవిలో చేపల వేటకు పోతూ, ఒడ్డు దగ్గరే అలకు పడవ తిరగబడి బావ పోయాడు. మిగతావాళ్ళు ఈదుకుంటూ వచ్చారు, ఆయన రాలేదు. సంవత్సరీకం దగ్గర పడుతుంటే గోడకు పటం కావలసి వచ్చింది. బావకు ఉన్నది ఆధార్ కార్డులోని ఫొటో ఒక్కటే, అందులోనూ దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా ఉన్నాడు. బావ వాళ్ళన్న దాన్నే నెల్లూరు స్టూడియోలో పెద్దది చేయించాడు. వాళ్ళు ఉత్సాహం కొద్దీ, మెడ కింద నీలం కోటూ టై కూడా తగిలించి ఇచ్చారు. మా అక్క దాన్ని చూసి, "ఎవురుమే ఈయన, బ్యాంకు మేనేజరా? మీ బావ చొక్కా బొత్తాలన్నీ పెట్టుకోనింది యాడన్నా చూసినావా?" అని నన్ను అడిగింది. అడిగి నవ్వలేదు. పటాన్ని గోడవైపు తిప్పి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేసింది. అప్పటికే ఆమెకు ఒక భయం పట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుంటే ఆయన మొహం సరిగా రావడం లేదట. ఈ కోటాయన రోజూ గోడమీద నుంచి చూస్తుంటే ఉన్న కాస్త మొహమూ పోయి, చివరికి ఈయనే మిగులుతాడని ఆమె భయం.

ఒకరోజు మా మేడ ఎక్కి పాపను అడిగింది, మా ఆయన్ను గీసియ్యి అని. నేను ఇంగ్లీషులో చెప్పాను. పాప కార్డు ఫొటోను చాలాసేపు చూసి, కుదరదన్నది. తను చూడని మొహాన్ని గీయదట. గీస్తే అందంగా వస్తుంది, కానీ ఇంకో కోటు తొడిగినట్టే అవుతుంది అన్నది. ఆ మాట నేను ఎంత మెత్తగా తెలుగులో చెప్పినా మా అక్కకు దెబ్బే తగిలింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఒక గీత గీసిస్తే నీ కళకు ఏమి తక్కువ అని పాపను గట్టిగానే అడిగాను.

మర్నాడు పాపే కాగితాలు చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. మొహం సంగతి ఎత్తలేదు. ఆయన టీ ఎట్లా తాగేవాడు అని అడిగింది. అక్క ముభావంగా, అందరిలాగే అన్నది. అందరూ ఎట్లా తాగుతారు అని మళ్ళీ అడిగింది. అక్క విసుక్కుంటూ గ్లాసు తీసుకుని, తల పక్కకు వాల్చి, ఊదకుండా ఊదినట్టు చేసి చూపించింది. పాప గీసింది. తువ్వాలు ఎట్లా చుట్టేవాడు, ఆటో కోసం ఎట్లా నిలబడేవాడు? అక్క తలకు తువ్వాలు బిగించి, ఒక కాలి బొటనవేలితో రెండో పిక్కను గోక్కుంటూ నిలబడింది. అచ్చం మా బావే. నాకు నవ్వాగలేదు. ఏడాదిగా నవ్వని మా అక్క కూడా నవ్వింది, నవ్వుతూనే వల భుజాన వేసుకున్నట్టు ఎడమ భుజం దించి, వాకిలి దాటి ఇసుకలోకి నడిచి చూపించింది. అట్లా కొన్ని రోజులు పొద్దుటిపూట ఆ వాకిట్లో అక్క బావ అయ్యేది, పాప గీసేది, నేను మధ్యలో మాటలు మోసేదాన్ని.

సంవత్సరీకం ముందురోజు పాప ఒకే పెద్ద కాగితం తెచ్చింది. నిండా గడులు. టీ గ్లాసు, తువ్వాలు, పిక్కను గోకే కాలు, చివరి గడిలో వల మోస్తూ సముద్రంవైపు పోతున్న బావ. అన్నింటా వెనక నుంచే, ఎక్కడా మొహం లేదు. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఆయనే" అన్నది.

తెల్లవారి బావ వాళ్ళన్న దాన్ని గోడమీద చూసి నివ్వెరపోయాడు. పెద్దాయన చెడ్డవాడు కాదు, తమ్ముడంటే ప్రాణం. "బొట్టు యాడ పెట్టాలమ్మా? ఈపుకు దండేస్తామా?" అని నిజంగానే బాధపడ్డాడు. వచ్చిన చుట్టాలు కూడా తలూపారు. చివరికి కోటు పటాన్ని డ్రమ్ము వెనక నుంచి తీసి, దానికే బొట్టూ దండా పెట్టి, కార్యమయ్యాక తన ఇంటికే తీసుకుపోయాడు. ఇప్పటికీ ఆ మేనేజరుగారు అక్కడే ఉన్నారు.

అందరూ వెళ్ళాక అక్కా నేనూ పాపా మిగిలాం. మా ఇళ్ళల్లో వేటకు పోయేవాణ్ణి వెనక నుంచి పిలవరు. ఏదన్నా మరిచిపోతే ఆడవాళ్ళు పక్క సందులోంచి పరిగెత్తి ఎదురెళ్ళి ఇస్తారే తప్ప నోరెత్తరు. ఆ ఆఖరి రోజు సముద్రం పోటు చూసి అక్కకు పిలవాలనిపించిందట. అపశకునమని నోరు నొక్కుకుందట. ఆ మాట నాకు చెప్పడం అదే మొదలు. చెప్పి, గోడ దగ్గరికి వెళ్ళి, చివరి గడివైపు చూస్తూ, పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"ఏమయ్యా, ఒక్కసారి ఇటు తిరుగు."

అక్క ఏమన్నదని పాప నన్ను అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేస్తానన్నది. కార్డు ఫొటో చూసైనా సరే, ఆయన వెనక్కి తిరిగినట్టు ఇంకొక్క గడి గీస్తానన్నది. నేను అక్కకు చెప్పాను. అక్క పాప చెయ్యి పట్టుకుంది.

"వద్దులే పాపా. తిరిగినాడంటే మళ్ళా పోతాడు. అప్పుడు నేను ఇంకోసారి చూడాల."

ఆ తర్వాత ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం వచ్చి పోయింది, పడవలు మళ్ళీ దిగాయి, పాప వాళ్ళ దేశం వెళ్ళింది, నా మోకాళ్ళు ఇంకొంచెం మొండికేశాయి. అందరినీ ఇట్లా తోసుకుంటూ పోయే కాలం, మా అక్క ఇంట్లో ఒక్క మనిషిని మాత్రం వాకిలి దాటి నాలుగడుగుల దూరంలో, ఇంకా పిలిస్తే వినబడేంత దగ్గరలో వదిలిపెట్టింది.