ఆక్టేన్ చాలని పెట్రోలు

తమ్ముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను స్కూల్లో సైన్సు చెబుతాను. ఇద్దరం కలిసి పాత టర్బో కారొకటి కొన్నాం. జార్ఖండ్ వైపు ఒక మైదానంలో జరిగే టైమ్ పోటీ (ఎవరి కారు తక్కువ టైములో చుట్టొస్తే వాళ్ళు గెలిచినట్టు) కోసం వాడు ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి బలం పెంచాడు. నడపాల్సింది నేను.

పోటీకి ముందు రోజు సాయంత్రం హైవే మీద మూడో గేర్లో గట్టిగా తొక్కాను. బానెట్ కింద గోళీలు రాలినట్టు చప్పుడు. కాలు తీస్తే ఆగింది, తొక్కితే మళ్ళీ వచ్చింది.

తమ్ముడు కారుకి ఫోన్ కలిపి చూశాడు. ఇంజన్‌కు బిగించిన నాక్ సెన్సార్ ఆ చప్పుడు తెచ్చే అదురును పసిగడుతోంది. కంప్యూటర్ వెంటనే స్పార్క్‌ను ఆలస్యం చేస్తోంది. అయినా చప్పుడు పూర్తిగా పోవడం లేదు. ఆ సెట్టింగులకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, అంటే ఒత్తిడికి తొందరపడి అంటుకోనిది, కావాలి. మా ట్యాంకులో మామూలు పెట్రోలు. స్పార్క్ పుట్టించిన మంట వ్యాపించేలోపే అది ఓ మూల తనంతట తానే భగ్గుమంటోంది.

మా ఊళ్ళో ఝపటాపూర్ నుంచి హిజ్లీ దాకా బంకులన్నీ తిరిగాం. ఎక్కడా దొరకలేదు. కోల్‌కతాలో దొరుకుతుందన్నారు కానీ అది వ్యతిరేక దిక్కు. ఇంటికొచ్చినా కూర్చోలేకపోయాను. పోసుకున్న టీ చల్లారిపోయింది.

"ఒక్క పరుగే కదక్కా. సెన్సారు సూసుకుంటాది," అన్నాడు.

"అదెంతని ఆపుతాది? పిస్టను పగిలితే ఏటి సేస్తావు? పాత సెట్టింగులెయ్, నడుపుతాను. లేకపోతే రాను."

వాడు వెళ్ళి పాతవే వేయించుకొచ్చాడు.

పోటీలో మాకంటే వెనక ఇద్దరే ఉన్నారు. ప్రతి మలుపు దాటాక ఇంకా బలం కావాలనిపించి పళ్ళు కొరుక్కున్నాను. తిరుగు దారిలో ఊరు దగ్గరపడ్డాక తమ్ముడన్నాడు: "నానైతే ఆ బలం సెట్టింగులతోనే తొక్కీసేవోడిని అక్కా."

"నాకూ కాలు ఊరుకోలేదురా," అన్నాను.

తర్వాతి ఆదివారం కోల్‌కతా వెళ్ళి మంచి పెట్రోలు నింపించాం, బలం సెట్టింగులు మళ్ళీ వేశాం. మూడో గేర్లో తొక్కాను. చప్పుడు లేదు. ఫోన్‌లోనూ అదురేమీ కనిపించలేదు. అయినా తమ్ముడు తెర మీంచి కళ్ళు తీయకుండా, ఇంకోసారి తొక్కమన్నాడు. తొక్కాను. నాకూ నమ్మకం చాలలేదు.