చుక్క ముట్టని మనిషికి సిరోసిస్

కరోనా హడావుడి సద్దుమణిగిన మరుసటి ఏడాది. బెంగళూరు మడివాళలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎండోస్కోపీ విభాగంలో నర్సుగా ఉన్నాను. సన్నని కెమెరా గొట్టాన్ని నోట్లోంచి దించి అన్నవాహికనూ కడుపునూ చూసే విభాగమది.

మునిరత్నమ్మ బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో సూపర్‌వైజర్. యాభై దాటిన మనిషి, ఏళ్ల తరబడి షుగర్. కాలేయంలో పేరుకున్న కొవ్వు చివరికి దాన్ని గట్టిపరిచింది. దాన్నే సిరోసిస్ అంటారు. పేగుల నుంచి వచ్చే రక్తం అలా గట్టిపడిన కాలేయం గుండా సులువుగా పారదు. ఒత్తిడి పెరిగి, అన్నవాహిక గోడల్లోని సన్నని రక్తనాళాల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బిపోతాయి. వాటి పేరు వేరిసెస్. నొప్పి ఉండదు. పగిలితే మాత్రం నెత్తురు కక్కుకుంటారు, ప్రాణం మీదికొస్తుంది. అందుకే సిరోసిస్ అని తేలగానే డాక్టర్లు మా దగ్గరికి పంపుతారు.

మునిరత్నమ్మకు పరీక్షలో లావుపాటి వేరిసెస్, వాటి మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఎప్పుడైనా పగలొచ్చని వాటి అర్థం. రబ్బరు రింగులతో బిగించాలి. దాన్ని బ్యాండింగ్ అంటాం. ఆ రోజు పరీక్షకు మాత్రమే ఒప్పుకుని వచ్చింది కాబట్టి, బ్యాండింగ్‌కు మళ్లీ రమ్మన్నారు డాక్టరుగారు.

బ్యాండింగ్ రోజున భర్త మునియప్ప, ఆడబిడ్డ జయమ్మ వెంట వచ్చారు. హాల్లో జయమ్మ అందరికీ వినబడేలా అంది:

"లివర్ చెడేది తాగినోళ్లకే కదా. మా వదిన గుట్టుగా ఏం చేస్తా ఉండాదో ఎవురికి తెల్సు?"

కాసేపటికి నేను పేరు పిలిస్తే మునిరత్నమ్మ కుర్చీలో లేదు. లిఫ్టు దగ్గర దొరికింది.

"నాకు నొప్పీ లేదు, ఏమీ లేదు సిస్టర్. ఈ రింగులు ఏపించుకుంటే తాగుబోతునని నేనే ఒప్పుకున్నట్ల అయితాది. పనికాడ గూడా ఇదే మాట. నేను పోతా."

"నొప్పి లేదనే మా భయం అక్కా. అది పగిలితే మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చే టైమన్నా ఉంటుందో లేదో."

ఆమె కదల్లేదు. వెనకాలే వచ్చిన మునియప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"దినమూ తాగేది నేను సిస్టర్. రోగం నాకు రావల్ల. ఒకింట్లో ఉంటే తగులుకుంటాదా?"

"లేదన్నా. అక్కకు ఇది షుగర్ వల్ల, లివర్లో చేరిన కొవ్వు వల్ల వచ్చింది. ఇది అంటుకునేది కాదు."

ఆయన గిర్రున వెనుదిరిగి హాల్లోకి పోయాడు.

"జయమ్మా, మా ఇంట్లో తాగేది నేను. వీధంతా చూసుండాది, నువ్వూ చూసుండావు. ఆయమ్మ ఒక్క చుక్క ముట్టలేదు. ఇంగోసారి ఆ మాట అంటే బాగుండదు."

అందరూ తలలు తిప్పి చూశారు. మునిరత్నమ్మ నెమ్మదిగా వచ్చి, "యాల అట్ల అరస్తావు, అందరూ చూస్తా ఉండారు" అంది. చేతిసంచి ఆయనకిచ్చి నా వెంట నడిచింది.

ఆ రోజు వేసిన రింగులు బాగా పట్టాయి. మరి కొన్నిసార్లు వచ్చాక వేరిసెస్ అణిగిపోయాయి. మునియప్ప పూర్తిగా మానాడని చెప్పలేను గాని, తన లివర్ కూడా చూడమని ఆయనే అడిగాడు.

అప్పటి నుంచి, రోగి సరేనంటే, వెంట వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఈ జబ్బు ఎలా వచ్చిందో వాళ్లకూ చెబుతున్నాను, ఎవరూ అడక్కపోయినా. సిగ్గుపడి వెళ్లిపోయిన మనిషికి మా రింగులేవీ అందవు.