అరవై రెండు దగ్గర ఆగింది

మా ఆయన జువ్వలదిన్నెలో బోటు డ్రైవరు. షుగరుకి ఇన్సులిన్ వాడతారు. చేతికి అంటించిన సెన్సరు చూపే అంకె, బోటు సిగ్నల్ దాటేదాకా నా సెల్లులోనూ కనిపిస్తుంది.

నిరుడు ఒకసారి వేటకు బయల్దేరుతుంటే, చాటుగా తీపి టీ తాగుతారని బోటులోని చక్కెర డబ్బా ఇంటికి తెచ్చేశాను. ఆ మధ్యాహ్నం అంకె పడిపోతూ వచ్చి అరవై రెండు దగ్గర ఆగింది. సిగ్నల్ పోయింది. డెబ్బై కంటే దిగితే వెంటనే తీపి తినాలి. బోటులో తీపన్నదే లేదు. డబ్బా నా ఒళ్లో ఉంది.

వైర్‌లెస్‌కీ బోటు అందలేదన్నారు ఓనరుగారు. మూడు రోజులు ఒడ్డునే కాచుకున్నాను. బోటు కనబడకముందే సెల్లు మోగింది. అంకె కదిలింది: నూట ముప్పై!

“పక్క బోటోళ్లు బెల్లం ఇచ్చినారు. ఏంది మే, నువ్విట్టా చిక్కిపోయినావు?” అన్నారు దిగుతూనే.

ఇప్పుడు డబ్బా నేనే నింపి పంపుతాను. అయినా ఆగిన అంకె మళ్లీ కదిలేదాకా సెల్లు కింద పెట్టబుద్ధి కాదు.